పాత పింఛను రాలేదు, అయినా మాస్టారికి రుణపడి ఉన్నాం

మా ఉపాధ్యాయ సంఘం మాజీ జిల్లా అధ్యక్షులకు సన్మానం చేయాలన్న ప్రతిపాదన ఇటీవల గుంటూరులో జరిగిన సమావేశంలో చర్చకు వచ్చింది. అప్పుడు మెగా డీఎస్సీ-2025లో ఉద్యోగం పొందిన ఒక యువ ఉపాధ్యాయుడు లేచి ఎంతో మర్యాదగా ఒక ప్రశ్న అడిగారు. “సీపీఎస్ రద్దు కాలేదు కదండీ, పాత పింఛను రాలేదు కదా, మరి ఆయనకు కృతజ్ఞతలు దేనికి చెబుతున్నాం?” సీపీఎస్ అంటే ఉద్యోగి, ప్రభుత్వం ప్రతి నెలా చెరికొంత జమచేసే కాంట్రిబ్యూటరీ పెన్షన్ విధానం; పాత పింఛనులా ఇంత వస్తుందన్న హామీ దానిలో లేదు. సభలో కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అది అడగదగిన ప్రశ్నే అనిపించింది. అడిగినవారు మొన్ననే ఉద్యోగంలో చేరినవారు. పదవీ విరమణ నాటికి తన చేతికి ఏమి వస్తుందో తెలియని స్థితిలో ఉన్నవారు. ఆయనకు ఆ రోజు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు, సమయం లేక సభ తరువాతి అంశానికి వెళ్లిపోయింది. ఆ జవాబు రాయవలసిన బాధ్యత నాకుందని భావించి ఇది రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో గణితం బోధించే స్కూల్ అసిస్టెంటును. డీఎస్సీ-2003 బ్యాచ్. మా నోటిఫికేషన్ 2003 నవంబరులో వెలువడింది, నియామకాలు 2005 చివర జరిగాయి. ఈ రెండింటి మధ్యలో, 2004 సెప్టెంబరు 22న రాష్ట్ర ప్రభుత్వం జీవో 653 జారీ చేసి, 2004 సెప్టెంబరు 1న, ఆ తర్వాత ఉద్యోగంలో చేరినవారందరికీ కాంట్రిబ్యూటరీ పెన్షన్ విధానం (సీపీఎస్) వర్తిస్తుందని ప్రకటించింది. కేంద్రం అదే సంవత్సరం జనవరి 1 నుంచి తన కొత్త ఉద్యోగులకు, సైన్యాన్ని మినహాయించి, ఈ విధానాన్ని అమలుచేయడం మొదలుపెట్టింది. మేము దరఖాస్తు చేసేనాటికి ఉన్న పింఛను, మేము బడిలో అడుగుపెట్టేనాటికి లేదు. నిజం చెప్పాలంటే, అప్పట్లో మాలో చాలామందికి అది పట్టలేదు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఉన్నాము. అరవై ఏళ్ల వయసు గురించి ఆలోచించే వయసు కాదు మాది. జీతంలోంచి పది శాతం కోత పడుతుందని తెలుసు, పీఎఫ్ లాంటిదే కాబోలు అనుకున్నాము.

ఆ భ్రమను తొలగించినది మాస్టారు, అంటే మేము సన్మానించాలనుకుంటున్న ఆ మాజీ అధ్యక్షులు. ఆయనను జిల్లాలో అందరూ అలాగే పిలుస్తారు కనుక నేనూ అలాగే రాస్తాను. ఒక స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఆయన వచ్చారు. మధ్యాహ్న భోజనం తర్వాత, అందరికీ నిద్ర ముంచుకొచ్చే వేళ, ప్రసంగం చేయకుండా నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీశారు. ఎడమవైపు తన పేరు రాశారు, కుడివైపు మాలో అందరికంటే చిన్నవాడైన ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) పేరు రాశారు. తన పేరు కింద ఆఖరి మూలవేతనంలో సగం పింఛను, దాని మీద ధరలతో పాటు పెరిగే కరువు భత్యం (డీఏ), పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడల్లా సవరణ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకునే సొమ్ము), గ్రాట్యుటీ, తన తదనంతరం భార్యకు కుటుంబ పింఛను, జెడ్పీపీఎఫ్ (జిల్లా పరిషత్ భవిష్యనిధి) ఖాతాలో దాచుకున్న సొమ్ము అని వరుసగా రాశారు. ఆ కుర్రవాడి పేరు కింద మూలవేతనం, డీఏ కలిపి అందులో పది శాతం అతనిది, పది శాతం ప్రభుత్వానిది అని రాసి, దాని కింద ‘మార్కెట్’ అని ఒక్క మాట రాసి, సుద్దముక్క పక్కన పెట్టారు. మిగిలినదంతా మమ్మల్నే నింపమన్నారు. నింపడానికి మా దగ్గర ఏమీ లేదు.

గణితం టీచరును కనుక ఆ లెక్కను నేను తర్వాత చాలాసార్లు వేశాను, పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పినంత శ్రద్ధగా ఎందరికో వివరించాను. పదవీ విరమణ నాటికి ఒక ఉపాధ్యాయుని ఖాతాలో 40 లక్షల రూపాయలు జమ అయ్యాయనుకుందాం. నిబంధన ప్రకారం అందులో 60 శాతం, అంటే 24 లక్షలు చేతికి వస్తాయి. మిగిలిన 40 శాతంతో, అంటే 16 లక్షలతో, తప్పనిసరిగా యాన్యుటీ, అంటే నెలనెలా సొమ్ము ఇచ్చే బీమా పథకం, కొనాలి. దాని మీద ఏడాదికి ఆరున్నర శాతం రాబడి వస్తుందని లెక్కిస్తే సంవత్సరానికి 1,04,000 రూపాయలు, నెలకు 8,700 కంటే తక్కువ. అదే ఉపాధ్యాయుని ఆఖరి మూలవేతనం 80,000 అయితే పాత విధానంలో, పూర్తి సర్వీసు ఉన్నవారికి, నెలకు 40,000, దాని మీద కరువు భత్యం. చేతికి వచ్చిన 24 లక్షలను కూడా లెక్కలోకి తీసుకోవద్దా అని అడిగేవారుంటారు, తీసుకోవలసిందే. మొత్తం 40 లక్షలనూ అదే ఆరున్నర శాతానికి వేసినా నెలకు 21,700 దాటదు. అది కూడా కూతురి పెళ్లికి గానీ, ఇంటి అప్పుకు గానీ, ఆసుపత్రికి గానీ ఒక్క రూపాయి తీయకుండా ఉంటేనే. ఈ రెండంకెల మధ్య తేడా కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటుంది. పాత పింఛను ధరలతో పాటు పెరుగుతుంది, మామూలు యాన్యుటీ మొదటి నెల ఎంతో ఇరవై ఏళ్ల తర్వాతా అంతే.

ఇక యువ మిత్రుని ప్రశ్నకు వస్తాను. మాస్టారు 1980లలో ఉద్యోగంలో చేరినవారు. సీపీఎస్ ఉన్నా, రద్దయినా ఆయనకు ఒక్క రూపాయి తేడా రాదు. ఆయన తోటి నాయకులదీ అదే స్థితి. ఆ రోజుల్లో సంఘంలో బాధ్యతల్లో ఉన్నవారందరూ పాత పింఛను పరిధిలోని వారే. సంఘం అడిగే కోర్కెల జాబితాలో పీఆర్సీ, డీఏ బకాయిలు, బదిలీలు, పదోన్నతులు ముందుండేవి, సీపీఎస్ చివరి వరుసలో ఎక్కడో ఉండేది. దీనికి వారిని తప్పుపట్టలేను. ప్రతి కార్యవర్గ సమావేశంలోనూ తమను ఎన్నుకున్నవారి అవసరాలు వారికి ముందు కనిపిస్తాయి, కొత్తగా చేరినవారు అప్పటికి చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అటువంటి చోట లేచి నిలబడి, “ఇరవై ఏళ్ల తర్వాత ఈ హాల్లో కూర్చునేవాళ్లలో పింఛను ఉన్నవాడు ఒక్కడూ ఉండడు, అప్పుడు వాళ్లు మనల్ని ఏమని తలుచుకుంటారు?” అని అడిగినది ఆయన. ఆ మాట అన్నందుకు ఆయనకు ఆ సమావేశంలో చప్పట్లు రాలేదని అక్కడున్నవారే నాకు చెప్పారు. మరుసటి సమావేశంలోనూ అదే మాట అన్నారు, ఆ పై సమావేశంలోనూ అన్నారు. చివరికి మా జిల్లా శాఖ తీర్మానాల్లో సీపీఎస్ రద్దు మొదటి అంశమైంది.

ప్రభుత్వాన్ని నిలదీయడం కష్టమే. తనవాళ్లను, అందులోనూ తనకు ఓటు వేసినవాళ్లను, వారికి లాభం లేని పోరాటంలోకి నెట్టుకురావడం అంతకంటే కష్టమని నేను నమ్ముతాను. కృతజ్ఞతకు నేను చెప్పే మొదటి కారణం ఇదే.

రెండవ కారణం మా బ్యాచ్ మిత్రుడొకరి మరణం. బండి మీద బడికి వెళ్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. అప్పటికి సర్వీసు కొద్ది సంవత్సరాలే కనుక ఖాతాలో ఉన్నదీ కొద్దిపాటి సొమ్మే. ఒక కార్యాలయంలో ఆమెతో, “సీపీఎస్ వాళ్లకు ఫ్యామిలీ పెన్షన్ ఉండదమ్మా” అని తేల్చి చెప్పి పంపించారు. పాత విధానంలో అయితే ఆ కుటుంబానికి నెలనెలా పింఛను వచ్చేది. మాస్టారు ఆ కుటుంబాన్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు, నేనూ వెళ్లాను. సర్వీసు రిజిస్టరు తెప్పించుకుని ఒక్కో పేజీ చూపుడువేలు ఆనించి చదవడం, ఇంక్రిమెంటు నమోదు లేని చోట కాగితం ముక్క పెట్టడం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ప్రాన్ ఖాతాలో, అంటే సీపీఎస్ సొమ్ము జమయ్యే పింఛను ఖాతాలో, నామినీగా ఉన్నది ఆ మిత్రుని తండ్రి. ఆయన అప్పటికే కాలం చేశారు. పెళ్లయ్యాక నామినేషన్ మార్చుకోవాలని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. ఆ సొమ్ము భార్య చేతికి రావడానికి వారసత్వ ధ్రువపత్రం దగ్గర్నుంచి ఎన్ని కాగితాలు కావలసి వచ్చాయో, ఎన్ని సంతకాలు కావలసి వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆ తర్వాత మాస్టారు ఏ బడికి వెళ్లినా, కుశల ప్రశ్నలకంటే ముందు, “అమ్మా, నీ నామినీ ఎవరు?” అని అడగడం మొదలుపెట్టారు. పెళ్లైన వారం రోజులకే ఆ ప్రశ్న ఎదుర్కొన్న కొత్త దంపతులు మా మండలంలో ఉన్నారు.

ఆ అనుభవం నుంచే ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. రద్దు కోసం పోరాడుతూనే, రద్దయ్యేలోగా చనిపోయేవారి కుటుంబాల సంగతి విడిగా అడగాలన్నది ఆ నిర్ణయం. దీన్ని కొందరు వ్యతిరేకించారు. చిన్న కోర్కెలు అడిగితే పెద్ద కోర్కె నీరుగారిపోతుందని, సీపీఎస్‌ను మనమే అంగీకరించినట్టవుతుందని వారి వాదన. అందులో బలం లేదని నేను అనను. కానీ మాస్టారు దానికి ఒప్పుకోలేదు. కేంద్రం 2009 మే నెలలోనే తన ఉద్యోగులు సర్వీసులో మరణించినా, అంగవైకల్యం పొందినా పాత నిబంధనల ప్రకారం తాత్కాలికంగా సాయం అందించడానికి ఉత్తర్వులిచ్చిందని, అదే సౌకర్యం మనకెందుకు లేదని మహజరు మీద మహజరు రాయించారు. కేంద్రంలో 2016 ఆగస్టులో గ్రాట్యుటీ కూడా వర్తింపజేశారు. ఆ తర్వాత మన రాష్ట్రంలోనూ సీపీఎస్ ఉద్యోగులకు గ్రాట్యుటీ, సర్వీసులో మరణించినవారి కుటుంబాలకు పింఛను వర్తింపజేస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇదంతా ఒక్క మనిషి సాధించినదని చెప్పను. రాష్ట్రమంతటా ఎన్నో సంఘాలు, ఎందరో నాయకులు అడిగితేనే వచ్చింది. మా జిల్లాలో అడిగినవారిలో ముందు నిలిచినది ఆయన, అంతవరకు నాకు తెలుసు.

ఆయన వాదనకు మూలాధారం ఒక తీర్పు. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పింఛను యజమాని దయ కాదని, గతంలో చేసిన సేవకు చెల్లింపని తేల్చి చెప్పింది. ఆ తేదీనే ఏటా పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నాము. అంతకు ముందు 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో పింఛను హక్కు ఆస్తి వంటిదని అదే కోర్టు చెప్పింది. మాస్టారు విన్నపపత్రాలు దిద్దేటప్పుడు ‘దయతో మంజూరు చేయగలరని ప్రార్థన’ అన్న వాక్యం కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేసి, ‘చెల్లించవలసిందిగా కోరుతున్నాము’ అని మార్చేవారు. మాకు అది మొదట్లో చాదస్తంగా తోచింది. పదేళ్లు అదే పని చేశాక మా జిల్లాలో ప్రతి ఉపాధ్యాయుడూ పింఛను గురించి చేతులు కట్టుకుని మాట్లాడడం మానేశాడు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. మా బడి ఉన్న ఊళ్లో మిరప పండించే రైతు ఒకాయన నన్ను సూటిగా అడిగాడు. “మా అమ్మకు నెలకు నాలుగు వేలు పింఛనిస్తే చాలనుకుంటున్నాం. మీకు నలభై వేలు ఎందుకమ్మా?” 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ప్రైవేటు రంగంలో ఈపీఎస్-95 (ఉద్యోగుల పింఛను పథకం) కింద కనీస పింఛను 2014 నుంచి 1,000 రూపాయలే. ప్రైవేటు బడుల్లో నాకంటే ఎక్కువ గంటలు పాఠాలు చెప్పే నా స్నేహితురాళ్లలో చాలామందికి ఆ మాత్రం కూడా లేదు. ఈ ప్రశ్నకు మాస్టారు చెప్పిన జవాబే నాదీ. రాజ్యం తన ఉద్యోగికే వృద్ధాప్యంలో భరోసా ఇవ్వనని తప్పుకుంటే, ప్రైవేటు యజమానిని ఇవ్వమని అడిగే నైతిక హక్కును కోల్పోతుంది. ప్రభుత్వ ఉద్యోగి పింఛను పోయినందువల్ల రైతు తల్లి పింఛను ఒక్క రూపాయి పెరగలేదు. ఈపీఎస్ కనీస పింఛను పెంచాలన్న కోర్కెను కూడా మా తీర్మానాల్లో చేర్చాలని ఆయన పట్టుబట్టింది అందుకే.

ఖజానా భారం సంగతి కూడా చూద్దాం. పాత పింఛనుకు విడిగా నిధి ఉండదు, ఏ సంవత్సరం పింఛను ఆ సంవత్సరం ఆదాయంలోంచే చెల్లించాలి. ఆయుర్దాయం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. ఇది కల్పించిన భయం కాదు. అయితే సీపీఎస్ వల్ల ప్రభుత్వానికి వెంటనే మిగులు ఏమీ రాలేదు. పాతవారి పింఛన్లు చెల్లిస్తూ, కొత్తవారి ఖాతాల్లో ప్రతి నెలా తన పది శాతం జమచేస్తూ రెండు భారాలూ మోస్తున్నది. పాత విధానానికి తిరిగి వెళ్తే ఆ పది శాతం నేడు మిగులుతుంది, అసలు భారం మా తరం పెద్ద సంఖ్యలో విరమించే సంవత్సరాల్లో పడుతుంది. కాబట్టి రద్దు చేయడం సులువన్నవారి మాటా పూర్తి నిజం కాదు, రద్దు అసాధ్యమన్నవారి మాటా పూర్తి నిజం కాదు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ 2022లోనూ, హిమాచల్ ప్రదేశ్ 2023లోనూ పాత విధానానికి మళ్లాయి. పశ్చిమ బెంగాల్ అసలు కొత్త విధానంలో చేరనే లేదు. రేపటి భారానికి నేటినుంచే విడిగా నిధి కూడబెట్టే ఏర్పాటుతో పాత పింఛను ఇవ్వవచ్చునన్నది నా అభిప్రాయం. మాస్టారు దీనికి ఒప్పుకోరు. నిధి అన్న మాట వినబడితే చాలు, మళ్లీ ఉద్యోగి జేబులో చెయ్యి పెడతారని ఆయన అనుమానం.

ఇప్పుడు అసలు విషయం. పాత పింఛను రాలేదు, నిజమే. కానీ 2004లో పాలకులు చెప్పినది ఏమిటి? ఉద్యోగి, ప్రభుత్వం చెరిసగం వేస్తారు, మార్కెట్ ఎంత ఇస్తే అంత, హామీ ఉండదు. 2019 ఎన్నికలకు ముందు రద్దు చేస్తామన్న వాగ్దానం, ఆ తర్వాత అది నెరవేరకపోవడం అందరికీ తెలుసు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ మీద ‘ఛలో విజయవాడ’ పిలుపు ఇచ్చినప్పుడు దారి పొడవునా ఆంక్షలున్నా వేలాదిమంది బీఆర్‌టీఎస్ రోడ్డుకు చేరారు. ఆ జనంలో సీపీఎస్ రద్దు నినాదం ఫిట్‌మెంట్ (వేతన పెంపు శాతం) నినాదానికి తీసిపోలేదు. ఆ ఏడాదే ఆఖరి మూలవేతనంలో 33 శాతం హామీతో జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ విధానం) ప్రతిపాదన వచ్చింది, సంఘాలు తిరస్కరించాయి, 2023లో 50 శాతం హామీతో చట్టమైంది. కేంద్రం 2024 ఆగస్టులో ఏకీకృత పింఛను పథకాన్ని ఆమోదించి, 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది; పాతికేళ్ల సర్వీసు ఉన్నవారికి చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో 50 శాతం దానిలో హామీ. ఈ రెండూ పాత పింఛను కావు. మేము వాటితో సరిపెట్టుకోము కూడా. కానీ హామీ అనే మాటే వినబడనివ్వని విధానంలోకి హామీ అనే మాట చట్టరూపంలో వచ్చిందంటే, వృద్ధాప్యాన్ని మార్కెట్‌కు వదిలేయడం తప్పని ప్రభుత్వాలే ఒప్పుకున్నట్టు. ఇరవై ఏళ్ల పాటు ఎవరూ అడగకపోతే ఆ మాట వచ్చేది కాదు. నల్లబల్ల మీద కుడివైపున ఖాళీగా ఉన్న చోట ఇప్పుడు రాయడానికి ఎంతో కొంత ఉంది, కుటుంబ పింఛను ఉంది, గ్రాట్యుటీ ఉంది.

మన దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఒక జీవో రాగానే సంతకం పెట్టిన పెద్దల చిత్రపటాలకు పాలాభిషేకం చేస్తాము. సంతకం పెట్టినవారికి ధన్యవాదాలు చెప్పడం తప్పు కాదు. పెట్టకపోతే పని జరగదు. కానీ ఆ కాగితం ఆ బల్ల మీదికి చేరేవరకు దాన్ని నెట్టుకొచ్చినవారిని తలుచుకోకపోవడం వల్ల నష్టం మనకే. కొత్తగా చేరిన ఉపాధ్యాయునికి గ్రాట్యుటీ ఎలా వచ్చిందో తెలియదు, ఎవరో ఇచ్చారనుకుంటాడు. ఇచ్చారనుకున్నవాడు తీసివేస్తే అడగడు. విజయవాడ ధర్నాచౌక్‌లో మే నెల ఎండలో టెంటు కింద కూర్చున్నవారి పేర్లు ఏ ఉత్తర్వులోనూ ఉండవు కనుక వాటిని మనమే చెప్పుకోవాలి, రాసుకోవాలి.

మా బ్యాచ్ సంగతి ఇంకా మిగిలి ఉంది. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు పాత పింఛను ఎంచుకునే అవకాశం ఇస్తూ కేంద్రం 2023 మార్చి 3న ఉత్తర్వు ఇచ్చింది. మా వాళ్లు దాన్ని మెమో 57 అంటారు. ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం 2024 జూన్‌లో తన ఉద్యోగులకు అదే న్యాయం వర్తింపజేసింది. జీవో 653 కంటే దాదాపు పది నెలల ముందు వెలువడిన నోటిఫికేషన్‌తో వచ్చిన మాకు అది వర్తించకపోవడానికి ఏ కారణమూ లేదు. నియామకం ఆలస్యమైతే ఆ ఆలస్యం మాది కాదు. ఈ వాదనను మొదట కాగితం మీద పెట్టి, నోటిఫికేషన్ ప్రతి, మెరిట్ జాబితా, నియామక పత్రాలు ఒక్కొక్కరి నుంచి సేకరించి, తేదీలవారీగా ఒక ఫైలు కట్టినవారు మాస్టారే. ఆయన విరమించాక ఆ ఫైలు మాకు అప్పగించారు. అందులో మొదటి పేజీలో మా పేర్లు, చేరిన తేదీలు, ఫోన్ నంబర్లు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి.

కాబట్టి సన్మానం చేద్దాం, కానీ శాలువా, పూలదండ దగ్గర ఆగవద్దని సంఘానికి నా విజ్ఞప్తి. మెగా డీఎస్సీలో వచ్చినవారితో సహా జిల్లాలోని ప్రతి సీపీఎస్ ఉపాధ్యాయుని ప్రాన్ స్టేట్‌మెంటు తెప్పించి, ప్రతి నెలా తన వాటా, ప్రభుత్వ వాటా రెండూ జమ అయ్యాయా, నామినీ పేరు సరిగ్గా ఉందా, సర్వీసు రిజిస్టరులో నమోదులన్నీ ఉన్నాయా అని సరిచూసే బాధ్యతను మండలానికి ఇద్దరికి అప్పగించాలి. మా మండలంలో ఆ ఇద్దరిలో ఒకరిగా నా పేరు రాసుకోవచ్చు. రెండవ పేరుగా, ప్రశ్న అడిగిన ఆ యువ మిత్రుడు మా మండలానికే వచ్చి ఉంటే, ఆయనను ప్రతిపాదిస్తున్నాను.